దాలయ్య మేస్త్రి ఏడో రోజు

ఊఁ కొట్టేవాళ్ళు ఊఁ కొట్టండి, కొట్టనివాళ్ళు కాళ్ళు చాపుకుని వినండి. సముద్రం ఇప్పుడున్న చోటుకి ఇంకా దూరంగా ఉన్న రోజుల మాట ఇది.

ఆ రోజుల్లో గుల్లపాలెం అని ఒక ఊరు ఉండేది. ఊరు చిన్నది, ఉప్పు మళ్ళు పెద్దవి. మళ్ళు కామందు వరహాలయ్యవి, వాటిలో నడుములు వంచేది ఊరివాళ్ళు. ఎండ ఉన్నన్నాళ్ళూ పని ఉండేది. సెలవన్న మాటే వాళ్ళకు తెలీదు.

ఆ ఊళ్ళో దాలయ్య అని ఒకడు. పెళ్ళాం నీలమ్మ. ఒక ఎండాకాలం నీలమ్మకి జ్వరం వచ్చింది. జ్వరంతోనే మడిలోకి దిగింది, మడిలోనే పడింది, మళ్ళీ లేవలేదు. పిల్లల్లేరు. దాలయ్య ఒక్కడూ మిగిలాడు.

కొన్నేళ్ళకి ముసలి మేస్త్రి పోయాడు. కామందు దాలయ్యని పిలిపించాడు.

"పని తెలిసినవాడివి, నోరు తక్కువవాడివి. మేస్త్రిగా ఉంటావా?"

"ఉంటాను బాబూ. ఏడు రోజులకి ఒక రోజు అందరికీ సెలవిస్తేనే."

కామందు నవ్వాడు. "ఏడు రోజుల ఉప్పు ఆరు రోజుల్లో తీయిస్తావా?"

"తీయిస్తాను."

అన్నట్టే తీయించాడు. ఏడో రోజు వచ్చేసరికి ఊరంతా ఇసక తిన్నెల మీదే. మగవాళ్ళు చెడుగుడు ఆడేవారు. ఆడవాళ్ళు ఒకరికొకరు తలలు దువ్వుకునేవారు. ముసలివాళ్ళు పగలే గుర్రుపెట్టి నిద్రపోయేవారు. దాలయ్య మాత్రం పొద్దున్నే మళ్ళన్నీ తిరిగి, గండి పడ్డ గట్లకు మట్టి వేసి, ఆ తర్వాత తిన్నెల దగ్గరకు వచ్చేవాడు.

"రా మేస్త్రీ, కూకో!" అని నాలుగు వైపుల నుంచీ పిలిచేవారు.

ఒక ఏడు కామందు అన్నాడు: "దాలయ్యా, ఇసకా తెల్లగానే ఉంది, ఉప్పూ తెల్లగానే ఉంది. గోనెకి రెండు దోసిళ్ళు కలుపు."

"నోట్లో వేసుకున్నవాడికి తెలుస్తాది బాబూ. నాను కలపను."

ఇంకో ఏడు కామందు అన్నాడు: "బేరగాళ్ళు వచ్చే ముందు కుప్పల మీద నీళ్ళు చిలకరించు. బరువు తూగుతుంది."

"దారిలోనే కారిపోతాది బాబూ. నాను చిలకరించను."

మూడోసారి అడిగింది కామందు కాదు, ఊరివాళ్ళు.

ఆ ఏడు కాలం కాని కాలంలో వాన పడింది. తాటాకులు కప్పిన ఉప్పు కుప్పల కిందకి బురద నీళ్ళు వెళ్ళాయి. పైన మల్లెపువ్వులా ఉప్పు, కింద నల్లటి బురద. సరిగ్గా అప్పుడే కొండ దేశం నుంచి ఎద్దుల మీద గోనెలు వేసుకుని బేరగాళ్ళు వచ్చారు.

పొరుగింటి గైరమ్మ దాలయ్యకి అడ్డంగా నిలబడింది. "మేస్త్రీ, పిల్లలు గంజి తాగి రెండు రోజులయింది. ఈ ఉప్పు అమ్ముడైతేనే కామందు మనకి కూలి గింజలు కొలిచేది. పైన తెల్లగానే ఉంది కదా. నువ్వు నోరు మూసుకో, అంతే చాలు."

దాలయ్య తిని కూడా రెండు రోజులయింది. అయినా పార తీసుకుని, బేరగాళ్ళ ముందే కుప్ప అడుగు దాకా తవ్వాడు.

"పైది ఉప్పు. కిందది బురద. చూసి తీసుకోండి," అన్నాడు.

బేరగాళ్ళు పైపైన కాస్త తీసుకుని, తక్కిన గోనెలు ఖాళీగానే తోలుకుపోయారు.

కామందు మండిపడ్డాడు. "ఆ సెలవుల వల్లే ఇదంతా! ఏడో రోజూ పని చేసుంటే వానకి ముందే ఉప్పు గట్టెక్కేది. ఇక సెలవు లేదు."

"సెలవు తీసేయకండి బాబూ. మేస్త్రినని నాకు ఎక్కువగా కొలిచే గింజలు ఆపేయండి. నాకూ అందరితో సమానంగా కూలి గింజలే ఇవ్వండి."

కామందు సరేనన్నాడు. ఆ సంగతి దాలయ్య ఎవరికీ చెప్పలేదు.

తర్వాతి ఏడో రోజు దాలయ్య తిన్నెల దగ్గరకు వచ్చాడు. మాటలు ఆగిపోయాయి. ఎవరూ పలకరించలేదు. ఆ పై వారం వచ్చాడు. ఎవరూ పలకరించలేదు. ఆ పై వారమూ వచ్చాడు. గైరమ్మ మొహం తిప్పుకుంది. ఇక రావడం మానేశాడు.

అప్పటి నుంచి ఏడో రోజంతా ఉప్పుటేటి పక్కన గట్టు మీదే కూర్చునేవాడు. తిన్నెల మీది నవ్వులు గాలికి అక్కడిదాకా వినబడేవి. సాయంత్రం ఇంటికి వెళ్ళి, గడపలో నిలబడి, "భోంచేశావా దాలయ్యా?" అని తనను తానే అడుక్కునేవాడట. "ఆఁ, చేశాను," అని తనే చెప్పుకునేవాడట.

ఏడాది తిరిగింది. ఒక సెలవు మర్నాడు కొండ బేరగాళ్ళు వచ్చారు. ఈసారి రెట్టింపు ఎద్దులు.

వాళ్ళ పెద్ద అడిగాడు: "దాలయ్య మేస్త్రి ఏడీ? ఆయన బాగుందంటే చాలు, మేము కుప్ప తవ్వి చూడం. ఇక మా కొండల్లోకి మీ ఉప్పే."

గైరమ్మ మేస్త్రిని పిలవడానికి పరుగెత్తింది. ఇంట్లో లేడు. మళ్ళలో లేడు. ఉప్పుటేటి గట్టు దగ్గర, పడిన గండి సగం పూడ్చి, పక్కకి ఒరిగి ఉన్నాడు. చేతిలో మట్టి అప్పటికే ఎండిపోయింది.

అందరూ వచ్చారు. బేరగాళ్ళ పెద్ద తలపాగా తీశాడు. "ఈయన పోయింది నిన్ననే. నిన్నంతా ఈయన్ని ఎవరూ పిలవలేదా?"

కామందు తల వంచుకుని, ఏడాదిగా దాలయ్య తన గింజలు వదులుకుని వాళ్ళ సెలవు నిలబెట్టాడని చెప్పాడు. గైరమ్మ ఆ మట్టి చెయ్యి పట్టుకుని, "ఒక్క మాట సెప్పుంటే కాదా మేస్త్రీ," అని ఏడ్చింది. ఆ చెయ్యి ఆమెకి వదలబుద్ధి కాలేదు.

ఆ వైపు ఉప్పు అమ్మేవాళ్ళు ఈ రోజుకీ ముందు కుప్ప అడుగు తవ్వి చూపిస్తారు, తర్వాతే బేరం మాట్లాడతారు. ఏడో రోజున తిన్నెల మీద ఆట మొదలయ్యే ముందు, ఒక పెద్దావిడ నిలబడి గడప గడపకీ పేర్లు పిలుస్తుంది. పలకని వాళ్ళుంటే ఇద్దరు వెళ్ళి చూసి వస్తారు. అందరూ పలికాక, చిట్టచివర "దాలయ్యా!" అని ఉప్పుటేటి వైపు తిరిగి పిలుస్తుంది. పలకడని పసిపిల్లలకి కూడా తెలుసు. అయినా కాసేపు అందరూ ఆట ఆపుకుని, చెవులు రిక్కించి నిలబడతారు.