కప్ప ఈదని దిబ్బ

పిల్లలూ, ఈ కథ మీరు వినలేదు. మీరు పెరుగుతున్న ఊళ్ళో దీన్ని చెప్పేవాళ్ళు లేరు. నాకు గుర్తున్నది గుర్తున్నట్టు చెబుతాను. దగ్గరికి వచ్చి కూర్చోండి.

అనగా అనగా ఒక వేరుశెనగ చేను. ఆ చేనులో ఒక కలుగు. ఆ కలుగులో చిరుదంతి అనే ఎలుక, ఇంకా కళ్ళు తెరవని దాని నాలుగు పిల్లలు.

పంట తీసేశాక మట్టిలో మిగిలిపోయిన గింజల్ని చిరుదంతి వేసవి అంతా ఒక్కొక్కటే ఏరి దాచుకుంది. ఇంతలో మృగశిర కార్తె వచ్చింది. మొదటి వాన పడగానే రైతు నాగలి కడతాడు. నాగలి వచ్చిందంటే కలుగు ఉండదు. కలుగులోని పిల్లలూ ఉండరు. ఆలోగా మరో ఇల్లు కొనాలి.

ఆ చుట్టుపక్కల ఒక ఆచారం ఉంది. ఇల్లు అమ్మినవాళ్ళకు గింజల కుప్ప ఇవ్వాలి. ఇల్లు చూపించిన మధ్యవర్తికి వేరే గుప్పెడు గింజలు ఇవ్వాలి. చిరుదంతి దగ్గర ఉన్నది ఒకే ఒక్క కుప్ప, పైన గుప్పెడుకు కాస్త ఎక్కువ గింజలు. పొరపాటున పాడు ఇల్లు కొంటే రెండోది కొనడానికి గింజలూ ఉండవు, రోజులూ ఉండవు. ఆ దిగులుతో దానికి తిండి సహించలేదు.

మొదటి రోజు గోరింక వచ్చింది. వరిమడి గట్టులో ఎండ్రకాయ ఖాళీ చేస్తున్న బొరియ చూపించింది. గుమ్మం తూర్పుకు ఉందని, గాలి బాగా ఆడుతుందని, ఇరుగుపొరుగు మంచివాళ్ళని దారి పొడుగునా చెబుతూనే ఉంది. నిజంగానే ఇల్లు ముచ్చటగా ఉంది. చిరుదంతి లోపలంతా తిరిగి చూసి బయటికి వచ్చింది.

"వదినా, నీ పిల్లలతో నువ్వు ఈ ఇంట్లో ఉంటావా?"

"ఉండక? హాయిగా ఉంటాను."

"మరి వానొస్తే?"

"వానొస్తే చెట్టు మీద కూర్చుంటాను. రెక్కలెందుకున్నాయి?"

చిరుదంతి తన నాలుగు కాళ్ళ వంక చూసుకుంది. గోరింక అబద్ధమేమీ చెప్పలేదు. కొనేది ఎవరో మర్చిపోయింది, అంతే. చిరుదంతి దానికి దణ్ణం పెట్టి ఇంటికి వచ్చేసింది.

రెండో రోజు తొండ వచ్చింది. అక్కయ్యా అని వరస కలిపింది. నీ పిల్లలు నా పిల్లలు కారా, నాకు గుప్పెడు గింజలు కూడా వద్దు పొమ్మంది. చేను చివర ఎత్తైన పుట్ట చూపించింది. చెదలు కట్టిన గోడలు గట్టిగా, నున్నగా ఉన్నాయి.

ఏమీ తీసుకోకుండా ఇంత ఎండలో ఇది నా కోసం ఎందుకు తిరుగుతోంది అనుకుంది చిరుదంతి. అయినా అడగాల్సింది అడిగింది. వాన నీళ్ళు రావు కదా అంటే తొండ తల ఊపింది. నువ్వైతే నీ పిల్లలతో ఇందులో ఉంటావా అంటే తల ఊపింది. లోపల ఎవరూ లేరుగా అంటే మళ్ళీ ఊపింది. ఆ ఊపు చూసి చిరుదంతికి అనుమానం వచ్చింది. గొంతు మార్చకుండా ఇంకొకటి అడిగింది.

"లోపల పాముందా తమ్ముడూ?"

తొండ దానికీ తల ఊపింది. ఊపాక గతుక్కుమంది. కానీ ఊపిన తలను ఎక్కడ దాచుకుంటుంది?

అప్పుడు చిరుదంతి తొంగి చూసింది. పుట్ట నోట్లో కొత్త కుబుసం మెరుస్తోంది. ఇంక అది వెనక్కి తిరిగి చూడలేదు, ఇల్లు చేరేదాకా ఆగలేదు. తన జోలికి రాకుండా ఉంటే ఎవరో ఒకరిని పుట్టకు తెస్తానని తొండ పాముకు మాట ఇచ్చిందట. ఆ సంగతి తర్వాత తెలిసింది.

మూడో రోజు పడమట మబ్బు పట్టింది. ఆ చల్లదనానికి మట్టిలోంచి గంభీరుడనే ముసలి కప్ప బయటికి వచ్చింది. చిరుదంతి దాన్నే అడిగింది. ఆచారం ప్రకారం గుప్పెడు గింజలు తీసుకుంటానని, అంతకు మించి ఒక్కటీ వద్దని చెప్పి కప్ప బయలుదేరింది.

దారిలో వాగు పక్కన, బండరాయి కింద, ఒక చల్లని గుంట కనిపించింది. అదీ అమ్మకానికే ఉంది. చిరుదంతి అలసిపోయింది. ఇదే కొనేస్తాను తాతా అంది. గింజలు తేవడానికి వెనక్కి తిరగబోతూ చివరి నిమిషంలో ఆగింది.

"నీ పిల్లలతో నువ్వు ఇందులో ఉంటావా తాతా?"

"ఉంటాను తల్లీ. నాకు ఇంతకంటే మంచి చోటు లేదు. అందుకే నువ్వు కొనకూడదు. వాగు పొంగితే నా పిల్లలు ఈదుతారు. నీ పిల్లలు మునుగుతారు."

కప్ప మళ్ళీ గెంతడం మొదలుపెట్టింది. రొప్పుకుంటూ, ఒళ్ళంతా దుమ్ము కొట్టుకుంటూ, ఎత్తైన ఒక దిబ్బ ఎక్కింది. అక్కడ తంగేడు పొద కింద ఒక కలుగు ఉంది. కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్న ముసలి పందికొక్కుది అది. కప్ప ముందు ఇంటి లోపాలే చెప్పింది. మట్టి గట్టిది, గోళ్ళు అరుగుతాయి. తిండికి చాలా దూరం దిగి వెళ్ళాలి. పక్కింటి చీమలు రోజంతా గుమ్మం ముందే తిరుగుతుంటాయి.

"ఇక్కడ నువ్వుంటావా తాతా?"

"చచ్చినా ఉండను. ఒక్క పూటకే నా చర్మం ఎండిపోతుంది. కానీ ఏటా వరదలో ఈ చుట్టుపక్కలంతా ఈదుతాను తల్లీ. ఈ పొద దాకా ఒక్కసారి కూడా ఈదలేకపోయాను."

చిరుదంతి ఇంకేమీ అడగలేదు. పందికొక్కుకు కుప్ప, కప్పకు గుప్పెడు ఇచ్చేసింది. పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని నాలుగుసార్లు దిబ్బ ఎక్కింది. నాలుగో పిల్లను లోపల పెడుతుంటే చిరుదంతి వీపు మీద మొదటి చినుకు పడింది.

రెండు రోజులు ఎడతెరిపి లేని వాన. గట్టు తెగి ఎండ్రకాయ బొరియ కొట్టుకుపోయింది. వాగు పక్కన గుంట కనిపించనే లేదు. చిరుదంతి గుమ్మంలో కూర్చుని నీళ్ళ వంకే చూసింది. నీళ్ళు దిబ్బను చుట్టుముట్టాయి. పైకి వచ్చాయి. పొదకు ఇంకా పది గెంతుల దూరంలో ఆగిపోయాయి.

అక్కడ నీళ్ళలోంచి ఒక తల తేలింది.

"ఈసారీ నీ పొద దాకా ఈదలేకపోయాను తల్లీ" అంది గంభీరుడు.

చాలా రోజుల తర్వాత చిరుదంతి నవ్వింది. మిగిలిన నాలుగు గింజలూ తీసుకోమని బతిమాలింది. కప్ప ఒప్పుకోలేదు. ఇల్లు వెతుక్కునేవాళ్ళు కనిపిస్తే నా సంగతి చెప్పు, అది చాలంది. తర్వాత చిరుదంతి చాలా హాయిగా నిద్రపోయింది. పిల్లలు కళ్ళు తెరిచింది ఆ ఇంట్లోనే.

చిరుదంతి ఆ మాట కనిపించినవాళ్ళందరికీ చెప్పింది. అలా చెప్పగా చెప్పగా అది మన దాకా వచ్చింది. ఇక మీ వంతు, పిల్లలూ. రేపు మీ పిల్లలకూ, ఇల్లు వెతుక్కునే మీ స్నేహితులకూ ఈ కథ చెప్పండి. తనకు రావలసిన గుప్పెడు గింజలు పోతున్నా 'ఇది నీకు వద్దు' అని చెప్పగలిగినవాడే నమ్మదగిన మధ్యవర్తి అని చెప్పండి.