రెక్కలు ఎప్పుడు మూయాలి?

అనగనగా, అడవికి చాలా దూరాన, ఒడ్డు కూడా కనపడని నడి సముద్రంలో ఒక ఆడ తాబేలు ఉండేది. పేరు అప్పలకొండ. పేరుకు తగ్గట్టు చిన్న కొండంత ఉండేది. ఆమె వీపు మీద పన్నెండు సముద్రపు పిట్టలు కాపురం ఉండేవి. పొద్దున్నే చేపల వేటకు ఎగిరిపోయేవి. కడుపు నిండాక వచ్చి ఆ వీపు మీదే వాలేవి. నీళ్ళ మీద వాలితే వాటి రెక్కలు తడిసి, మునిగిపోతాయి పాపం.

తాబేలు వీపు నున్నగా ఉంటుంది కదా, మరి పిట్టలు జారిపోవా? ఎంత చిత్రమో చూడండి, అక్కడ అడ్డంగా మూడు వరసల నాచు మొలిచింది. కాలి గోళ్ళు ఆ నాచుకు తగులుకుంటే పిట్ట ఆగుతుంది.

తోక దగ్గర గున్నయ్య అనే ముసలి ఎండ్రకాయ నిలబడేవాడు. తన కత్తెర చేతులు రెండూ పైకెత్తితే "రా" అని. అడ్డంగా ఊపితే "ఇప్పుడు వద్దు, చుట్టు తిరిగి రా" అని. కాళ్ళు ఆనాక కూడా రెక్కలు గట్టిగా కొడుతూనే ఉండాలి; గోళ్ళకు నాచు అందేదాకా ఆ ఊపే పిట్టను పడిపోకుండా నిలుపుతుంది. ఆయన "మూయ్" అన్నాకే మూయాలి.

అందరిలోకీ సొగసుగా ఎగిరే పిట్ట పైడి. అతనికి ఈ పద్ధతి నచ్చేది కాదు.

"ఏంటి మావా, దిగేటప్పుడు కూడా ఊరకోడిలా ఆ టపటపలు! నేను పువ్వు రాలినట్టు వాలతాను" అనేవాడు.

"సముద్రం పడుకున్నప్పుడు పువ్వులాగే వాలు అల్లుడూ. అది లేచిన రోజు మాత్రం నా మాట విను" అనేవాడు గున్నయ్య.

ఒకనాడు మధ్యాహ్నమే ఆకాశం నల్లబడింది. హోరున గాలి, వాన. వేటకు పోయిన పిట్టలు గబగబా వెనక్కి ఎగిరొచ్చాయి. అప్పలకొండ గాలికి ఎదురు తిరిగి నిలబడింది. అలలు మొహాన కొడుతున్నా పక్కకు తిరగలేదు. గాలికి ఎదురుగా వస్తేనే పిట్టలకు వాలడం తేలిక మరి.

పదకొండు పిట్టలు టపటపా రెక్కలు కొడుతూ దిగాయి. చివరికి పైడి మిగిలాడు.

మొదటిసారి వచ్చాడు. సరిగ్గా అప్పుడే వీపు అల మీద పైకి లేచింది. గున్నయ్య చేతులు అడ్డంగా ఊపాడు.

"బాగానే వస్తున్నాను కదా!" అని విసుక్కుంటూ పైడి చుట్టు తిరిగాడు.

రెండోసారి గున్నయ్య చేతులు పైకెత్తాడు. పైడి మెల్లగా వచ్చాడు. కాళ్ళు ఆనగానే, "అమ్మయ్య" అనుకుని రెక్కలు మూసేశాడు. అంతే! అల కిందికి జారింది. కాళ్ళ కింద వీపు లేదు. పైడి దొర్లుకుంటూ నీళ్ళలోకి పోబోయాడు. రెక్క కొస తడిసింది. ఎలాగో కొట్టుకుని పైకి లేచాడు.

ఇంక ఒక్కసారికే బలం ఉంది.

"మావా, నావల్ల కాదు!" అని ఏడ్చాడు.

"అవుతుంది నాయనా! అలను చూడకు, నా చేతులు చూడు. కాళ్ళు ఆనినా కొడుతూనే ఉండు!" అని అరిచాడు గున్నయ్య.

పైడి సొగసు మాట మరిచిపోయాడు. గున్నయ్య చేతులనే చూస్తూ వచ్చాడు. కాళ్ళు దబ్బున ఆనాయి. రెక్కలు కొట్టాడు. మొదటి వరస నాచు తప్పింది. ఇంకా కొట్టాడు. రెండోదీ తప్పింది. ఇంకా, ఇంకా కొట్టాడు. ఆ ఊపుకే పడిపోకుండా నిలిచి, మూడో వరస దాకా వచ్చాడు. గోళ్ళు నాచుకు తగులుకున్నాయి. ఆగాడు!

"మూయ్!" అన్నాడు గున్నయ్య.

పైడి మూయలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని రెక్కలు కొడుతూనే ఉన్నాడు. వాన నీళ్ళన్నీ అందరి మొహాల మీద చిందాయి.

"ఇంక మూయవయ్యా బాబూ! దిగావు! ఇప్పుడు నన్ను ఎగరేసేలా ఉన్నావు!" అన్నాడు గున్నయ్య.

పైడి ఒక కన్ను తెరిచి చూశాడు. పదకొండు పిట్టలూ పకపకా నవ్వాయి. అందరికంటే గట్టిగా పైడి నవ్వాడు.

"ఎవరయ్యా నా వీపు మీద ఆ గోల?" అంది అప్పలకొండ. "అందరూ వచ్చినట్టేనా?"

"వచ్చారమ్మా, అందరూ వచ్చారు" అన్నాడు గున్నయ్య.

అప్పుడు అప్పలకొండ మెల్లగా పక్కకు తిరిగి, అలలు తన మొహాన కొట్టకుండా తల దాచుకుంది.

నీతి: చేరినట్టు అనిపించిన చోట ఆగిపోకండి, కుదురుగా నిలబడేదాకా ప్రయత్నం వదలకండి.