మొగలిపేట నడకాలమ్మ తాడు మొక్కు

మొగలిపేటలో బస్సు దిగిన యాత్రికులు ముందుగా గోపురం కోసం వెతుకుతారు. ఇక్కడ గోపురం లేదు. సరుగుడు తోట దాటి ఇసుక దారిన కొంత దూరం నడిస్తే, తాటి దుంగల మీద నిలిపిన చిన్న చెక్క గుడి కనిపిస్తుంది. దానికి పునాది లేదు, ప్రాకారం లేదు. ముందు భాగం పడవ మూతిలా సన్నగా ఉంటుంది. అక్కడి ఇనుప కొక్కేనికి రెండు లావుపాటి తాళ్లు చుట్టి ఉంటాయి. లోపల నల్లని చెక్కతో మలిచిన అమ్మవారు పసుపుతో, వేపమండలతో, చేతుల నిండా గాజులతో దర్శనమిస్తుంది. తీరంలోని అమ్మవార్లు సాధారణంగా సముద్రాన్ని చూస్తూ ఉంటారు. నడకాలమ్మ మాత్రం సముద్రానికి వీపు పెట్టి ఊరి వైపు చూస్తుంది. అమ్మకూ సముద్రానికీ మధ్య ఒక్క ఇల్లు కూడా ఉండకూడదని ఈ ఊరి కట్టుబాటు. దాని వెనక ఉన్న కథను పెద్దలు చెప్పగా విన్నంతవరకు, ఒక్క మాట జారిపోకుండా ఇక్కడ రాయడమైనది.

పూర్వం ఇక్కడ ఊరు లేదు, అంతా మొగలి పొదలే. ఊరు ఇంకా తూర్పున, నేడు వలలు వేసే నీళ్ల అడుగున ఉండేది. అప్పట్లో ఈ తల్లిని ఒడ్డమ్మ అనేవారు. సముద్రం ఏటా కొంత ఇసుకను కోసుకుపోయేది. ఆనాటి జాలరుల కులపెద్ద బండియ్య ఊరంటే ప్రాణం పెట్టేవాడు. లంగరు వేసిన పడవ కదలదు, అలాగే అమ్మకు లంగరు వేస్తే ఊరూ కదలదని అతనికి తోచింది. పడవ మీద బతికేవారికి తప్ప మరొకరికి తోచే ఆలోచన కాదది. ఊళ్లోని పెద్ద లంగర్లు తెప్పించి, అమ్మ నిలిచిన చెక్క పీటకు కట్టి ఇసుకలో లోతుగా పాతించాడు. కోళ్లు కోసి మొక్కారు. ఆ ఏడు సముద్రం కుమ్మరి వీధిని తీసుకుపోయింది. ఇంకో లంగరు కట్టారు. మరుసటి ఏడు పెద్దబావి వీధి పోయింది. చేపల వేటకు వెళ్లడానికి లంగర్లు చాలక మగవారు ఇబ్బంది పడ్డారు గాని, అమ్మ పీటకు కట్టినవి విప్పడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

బండియ్య అన్న భార్య కొర్లమ్మ. భర్త పోయాక ఎండుచేపలు అమ్మి పిల్లలను పెంచుకుంది. ఒక మధ్యాహ్నం చేపలు ఆరబెట్టి, పడవ నీడన కునుకు తీస్తుండగా కలలో అమ్మ కనిపించింది. పాదాలకు తాళ్లు ఒరుసుకుని చర్మం లేచి ఉంది. “ఒలే కొర్లీ, గాలి తిరిగితే పడవను ఏటి సేత్తారే?” అని అడిగింది. “పైకి లాగుతాం తల్లీ” అంది కొర్లమ్మ. “మరి నన్నెందుకే నీళ్ల కాడ కట్టీసినారు?” అని అమ్మ చీర చెంగుతో పాదాలు కప్పుకుంది.

కొర్లమ్మ లేచేసరికి నిజంగానే తుఫాను గాలి తిరిగింది. మేఘం రాగి రంగుకు మారింది. మగవారంతా అలవాటు ప్రకారం పడవలను ఇసుక మీదికి లాగి, చెమటలు తుడుచుకుంటున్నారు. ఆమె పరుగున వెళ్లి, రాత్రిలోగా అమ్మను పైకి లాగి ఊరంతా వెనక నడవాలని, లేకపోతే పిల్లాపాపలతో సహా మిగలరని చెప్పింది.

బండియ్య నవ్వాడు. “ఎండుసేపల కాడ తొంగుంటే కలలు రావేటి ఒదినా! సొరసేప వచ్చి ఏటీ సెప్పలేదా?”

“సొరసేపయితే నీ ఇల్లేదని అడిగీది మరిదీ, సూపించీసి ఊరుకుందును.”

చుట్టూ ఉన్నవారు నవ్వారు. బండియ్య నవ్వలేదు. ప్రతిష్ఠ చేసిన తల్లిని పీట మీంచి కదిపితే ఊరు నాశనమైపోతుందని గద్దించాడు. అతని భయం నిజమైన భయమే. అమ్మను కదిపిన పాపం తన తల మీద పడుతుందని అతను గట్టిగా నమ్మాడు.

కొర్లమ్మ నేరుగా అమ్మ పీట దగ్గరకు వెళ్లింది. చేపలు కోసే కత్తితో లంగరు తాళ్లు తెగ్గోసి, ఒకదాన్ని భుజాన వేసుకుని లాగింది. పీట కదలలేదు. ఆమె కాళ్లు ఇసుకలో కూరుకుపోయాయి. మొదటి అల పీటను తాకింది. అప్పుడామె వెనక్కి తిరిగి, “మరిదీ, నీ పడవ పైనుంది. అమ్మ నీళ్లలో ఉంది. రెండిట్లో నీకేది కావాలో నువ్వే లాగీసినావు కదా!” అంది.

ఆ మాటకు బండియ్య తన పడవ వైపు చూశాడు. అది గట్టు మీద పొడిగా ఉంది. అతను తలపాగా తీసి నడుముకు కట్టుకున్నాడు. తన పడవ కింది దుంగలు తానే పీకి తెచ్చి పీట కింద పెట్టాడు. “పట్టండ్రా తాడు! ఆడోళ్లూ పట్టండి, పిల్లల్ని ముందు నడిపించండి” అని అరిచాడు. దుంగలు తీసిన పడవను ఆ తరువాత సముద్రమే తీసుకుపోయింది. అతను మరలి చూడలేదని చెబుతారు.

లాగుడుకు ఊపు కావాలి. కొర్లమ్మ గొంతెత్తి, పోయిన వీధుల పేర్లు పిలవసాగింది. ఆమె “కుమ్మరి వీధీ” అంటే జనం “హైలెస్సా, వెంట రావే” అన్నారు. “పెద్దబావి వీధీ” అంటే మళ్లీ అదే పలికారు. అలా పిలుస్తూ లాగుతూ, ఉప్పు గాలి తగ్గి మొగలి వాసన తగిలిన చోట ఆగారు. తెల్లవారి చూస్తే పాత ఊరు ఉన్నచోట నీళ్లే ఉన్నాయి. మనుషులను లెక్క చూసుకున్నారు. ఒక్కరూ తగ్గలేదు. అమ్మను తిరిగి సముద్రం వైపు తిప్పబోతే బండియ్యే వద్దన్నాడు. “సముద్రం ఎక్కడుందో మనకి తెల్సు. మనం ఎటెల్లాలో అమ్మని సూడనీండి” అన్నాడు. నాటి నుంచి ఒడ్డమ్మ నడకాలమ్మ అయింది.

సముద్రం మళ్లీ దగ్గరకు వచ్చినప్పుడల్లా అమ్మను ఇలాగే లాగి, ఊరూ జరుగుతుంది. పూర్వం ఈ లాగుడు తరానికి ఒకసారి జరిగేది. ఇప్పుడు కొద్ది ఏళ్లకే జరపవలసి వస్తోంది. లోకం వేడెక్కి సముద్రం పెరుగుతోందని, కొలతలు తీయడానికి వచ్చిన చదువుకున్నవారు చెప్పారు. ఊరివారు శ్రద్ధగా విని, మజ్జిగ ఇచ్చి, తాడు కొత్తది పేనుకున్నారు. కిందటి లాగుడుకు దారిలో రొయ్యల చెరువు అడ్డం వచ్చింది. దాని ఆసామి ఈ కులం వాడు కాడు, ఈ ఊరివాడూ కాడు. ఎవరూ అడగకముందే గట్టు తెంచి, నీరు వదిలి, ఇసుక తోలించాడు. లాగుడు నాడు ముందు తాడు అతని చేతికే ఇచ్చారు. అమ్మ ఖాళీ చేసిన చోట కొత్త దంపతులు మొగలి పిలకలు నాటుతారు. ఆ వేళ్లు పట్టి ఉన్నంత కాలం ఇసుక నిలుస్తుంది.

ఈ తాడు ఎవరైనా పట్టవచ్చు. కులం, మతం, ఆడ, మగ పట్టింపు లేదు. మైలలో ఉన్నవారూ పట్టవచ్చు. ఇల్లు పోగొట్టుకున్నవారు తాడు పడితే ఏడాది తిరగకుండా గూడు దొరుకుతుందని, వేటకు వెళ్లినవారు క్షేమంగా తిరిగి వస్తారని నమ్మకం. లాగుడు పాటలో నేటికీ, ఇంతవరకు సముద్రం తీసుకుపోయిన చోట్లను కుమ్మరి వీధి, పెద్దబావి వీధి, ఉప్పుకొట్ల వీధి, రాముల మేడ, దీపం దిబ్బ, పాత బడి వీధి అని వరుసగా పిలుస్తారు. పాడేవారు మరిచిపోతే తాడు ఆగిపోతుంది. ఎవరో ఒకరు అందించేదాకా కదలదు. అందుకే ఆ పేర్లు వరుస తప్పకుండా ఇక్కడ ఇచ్చాము. యాత్రికులు దయచేసి నేర్చుకుని రండి.

మీరు మరోసారి వచ్చేనాటికి గుడి ఈ చోట ఉండకపోవచ్చు. కంగారు పడవద్దు. ఒడ్డున వలలు బాగుచేసుకునే ఎవరినైనా అడగండి. “అమ్మ ముందుకెళ్లింది, మేమూ అక్కడే ఉన్నాం” అని చెప్పి, దారి చూపించి, అన్నం తిని వెళ్లమంటారు.