రంగులదుర్గంలో తెల్ల తలపాగా

అనగా అనగా, ఇంకొంచెం వెనక్కి పోయి అనగా, మబ్బులు కొండల భుజాల మీద చేతులు వేసుకుని నడిచే రోజుల్లో, ఒక కొండ మీద చిన్న కోట ఉండేది. దాని పేరు రంగులదుర్గం.

కోట అంటే ఏనుగులూ గుర్రాలూ ఉన్న కోట అనుకునేరు. కాదు. పిల్లా పెద్దా కలిపితే నలభై మంది. అందరూ బట్టలకు రంగులు వేసేవాళ్ళే. ఒకరి చేతులు పసుపు, ఒకరివి ఎరుపు, ఒకరివి నీలం. పొద్దు వాలేవేళ ఆ చేతులన్నీ కలిసి దండం పెడితే, ఆకాశంలోని సంజె మనుషుల్లోకి దిగిందా అనిపించేది.

కోటకు మూడు వాకిళ్ళు. వాళ్ళకొక ఆచారం ఉండేది. తూర్పు వాకిలి దాటేవాళ్ళు పసుపు తలపాగా చుట్టుకోవాలి. దక్షిణం దాటేవాళ్ళు ఎరుపు. ఉత్తరం దాటేవాళ్ళు నీలం. ఆడవాళ్ళయితే తలపాగా బదులు మేలిముసుగు. పాతది పనికిరాదు. బయలుదేరే పూటే తెల్లబట్టను రంగులో ముంచాలి, కాలవ నీళ్ళలో మూడుసార్లు జాడించాలి, తడితడిగానే తలకు చుట్టాలి. అంతసేపూ కోటలోని వాళ్ళందరూ అద్దకపు వాకిట్లో నిలబడి "పోయి రా, పోయి రా" అనాలి. తెల్ల తలపాగాతో గడప దాటినవాడు మళ్ళీ తిరిగి రాడని వాళ్ళ నమ్మకం.

చుట్టుపక్కల సంతల్లో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. తలపాగా చూసి, "ఏమబ్బా, ఈ పొద్దు తూర్పు నుంచి దిగినావే" అని పలకరించేవాళ్ళు.

అట్లాంటి కోట మీద దిగువసీమ రాజుకు కన్ను పడింది. ఆ రంగులన్నీ తన మేడలోనే ఉండాలనీ, ఇంకెవరి ఒంటి మీదా కనిపించకూడదనీ కబురు పంపాడు.

కోటకు పెద్ద తిమ్మప్ప నాయకుడు. "పెళ్ళికూతురి చీరకు పసుపు లేకుండా ఎట్లా రాజా? అది మా వల్ల కాదు" అని చెప్పి పంపాడు.

అంతే. రాజు దండు వచ్చి కొండ చుట్టూ కూర్చుంది. కొండ కింద పారే వాగు ఒడ్డున గుడారాలు వేసింది.

దండు దిగిన నాటి నుంచి కోటలో రంగుపని ఆగిపోయింది. కోటలో ఊట ఉంది, నీళ్ళకు కరువు లేదు. కొర్రలు మాత్రం ఒక నెలకే ఉన్నాయి. దూరాన ఎగువదుర్గంలో నాయకుడి బావమరిది ఉన్నాడు. అతనికి కబురు అందితే మనుషులతో వస్తాడు. అందకపోతే కొర్రలు అయిపోతాయి, వాకిళ్ళు తెరుచుకుంటాయి. కోట ప్రాణమంతా ఆ ఒక్క కబురులో ఉంది.

మొదట ఒక పడుచువాడు బయలుదేరాడు. నాయకుడి తల్లి ఓబుళవ్వ తన చేతులతోనే బట్టను పసుపులో ముంచి, జాడించి, తలకు చుట్టింది. రంగు కనిపించకుండా అతను పైన నల్ల గొంగడి కప్పుకున్నాడు. తూర్పు వాకిలి దాటి పది బారలు పోయాడో లేదో, పొదల్లో నుంచి సైనికులు లేచి పట్టుకున్నారు. వాళ్ళు వెతుక్కుంటూ రాలేదు. ముందే వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చున్నారు.

"వీళ్ళకెట్లా తెలిసింది?" అన్నాడు నాయకుడు.

అందరూ ఒకేసారి మాట్లాడారు. మాటలన్నీ తిరిగి తిరిగి తుడుము వాయించే గంగులు దగ్గర ఆగాయి.

"రోజూ పొద్దు గుంకే ముందర పన్నెండు దెబ్బలు కొడతావు. నిన్న పద్నాలుగు కొట్టినావు. ఎవరికి చెప్పినావు?"

"దోమకు చెప్పినాను మామా" అన్నాడు గంగులు. "తుడుం మీద వాలింది. రెండుసార్లు వాలింది."

ఒకరిద్దరికి నవ్వు వచ్చింది కానీ నవ్వలేదు. గంగులు తుడుము తీసుకుని అటక మీద పెట్టేశారు.

రెండోసారి ఇంకొకడు ఎర్ర తలపాగాతో దక్షిణం వాకిలి దాటాడు. అక్కడా సైనికులు ముందే కూర్చుని ఉన్నారు. ఈసారి ఒకడు తాంబూలం కూడా నములుతున్నాడు.

ఇప్పుడు చూపులన్నీ పావురాలు పెంచే పుల్లప్ప మీద వాలాయి.

"నీ పావురాలు ఆరుండాల. ఐదే ఉన్నాయి. ఆరోది ఎక్కడికి పోయింది?"

"గుడ్ల మీద కూర్చుంది. దాన్ని లేపుకొచ్చి మీకు దండం పెట్టించమంటారా?"

పావురాలను గూట్లో పెట్టి తలుపు బిగించారు. పుల్లప్ప ఆ రోజు అన్నం తినలేదు.

ఇంక చూడండి, కోటంతా తికమక. పక్కపక్క ఇళ్ళవాళ్ళు పొయ్యిలోకి నిప్పు అడగడం మానేశారు. బావిగట్టు మీద ఇద్దరు తోడికోడళ్ళు గుసగుసలాడితే మూడో ఆమె అక్కడి నుంచి లేచిపోయింది. ఒక ముసలాయన తన భార్యను చాటుకు పిలిచి, "నేను నిద్రలో మాట్లాడతానా?" అని అడిగాడు. "మాట్లాడతావు, కానీ అంతా తిండి సంగతే" అందామె. అయినా ఆయన ఆ పూట నుంచి మూతికి గుడ్డ కట్టుకుని పడుకున్నాడు. ఎవరి మనసు ఎవరిదో, ఎవరి నీడ ఎవరిదో తెలియని పొగమంచు లాంటి రోజులవి. చెబుతుంటే నాకే ఎవరిని నమ్మాలో తోచడం లేదు.

మూడోసారి కొందరన్నారు, "ఎవరికీ చెప్పకుండా, వాకిట్లో గుమిగూడకుండా పంపుదాం" అని.

"రంగు లేకుండానా?" అన్నారు మిగతావాళ్ళు.

ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

ఈసారి బయలుదేరింది కొండన. ఉత్తరం వాకిలి, నీలం తలపాగా. ఓబుళవ్వకు భయం పట్టుకుంది. మూడుసార్లు చాలదని ఏడుసార్లు జాడించింది. "నా తండ్రి క్షేమంగా పోవాల" అని మళ్ళీ ముంచి, మళ్ళీ జాడించింది.

కొండన కూడా దొరికిపోయాడు.

కొండనకు సింగన అని తమ్ముడున్నాడు. సింగన పెళ్ళాం పేరు చెంగలి. పెళ్ళై ఏడాది కాలేదు. ఆమె పుట్టిల్లు దిగువసీమలోనే, వాగుకు అవతల. రోజూ పొద్దున్నే గోడ ఎక్కి, వాళ్ళమ్మ పొయ్యి పొగ ఎక్కడ లేస్తుందా అని చూసుకునేది. ఆ పొగ కనిపిస్తే ఆ రోజంతా పాటలు పాడుకునేది. ఆ పాటలు విని సింగన రంగు కలపడం మరిచిపోయేవాడు.

ఇప్పుడు ఆ గోడే ఆమె మీద పడింది.

"పొగ చూస్తుందంట. పొగలో ఏం రాసుంటుంది?" అన్నారొకరు.

"దిగువసీమ పిల్ల కదా" అన్నారు ఇంకొకరు. అంతకు మించి అనాల్సింది ఏమీ మిగల్లేదు.

సింగన ఆమె దగ్గరకు వచ్చాడు. అన్న దొరికిపోయిన దుఃఖంలో ఉన్నాడు. కళ్ళలోకి చూడకుండా, చాలా మెల్లగా అడిగాడు.

"నువ్వేనా?"

చెంగలి ముఖం పక్కకు తిప్పుకుంది. కాదని చెప్పి ఉంటే బాగుండేదని నాకూ అనిపిస్తుంది.

నాయకుడు తీర్పు చెప్పాడు. "పొద్దు వాలేలోగా తూర్పు వాకిలి తీసి పంపేయండి. పుట్టింటికి పోతుందో, దండులోకి పోతుందో ఆమె ఇష్టం. మళ్ళీ ఈ గడప తొక్కకూడదు."

"రంగు లేకుండా పంపుతారా?" అంది ఓబుళవ్వ. "ద్రోహి అయినా మన గడప దాటే మనిషే కదరా. పసుపు ముసుగు వేసే పంపాల."

సరేనన్నారు. అందరూ అద్దకపు వాకిట్లోకి చేరారు. ద్రోహి ఆ వాకిట్లోకి రాకూడదు కాబట్టి ముసుగు సిద్ధమయ్యేదాకా చెంగలిని గోడ మీద నిలబెట్టారు. కాపలాగా సింగననే ఉండమన్నారు.

ఇద్దరూ రెండు బారల దూరంలో నిలబడ్డారు. చెంగలి ఆఖరుసారిగా వాళ్ళ ఊరివైపు చూసింది. ఊరికీ కోటకూ మధ్య వాగు వెండిపోగులా మెరుస్తోంది. చూస్తూ ఉండగానే ఆ వెండిపోగు కొసన పసుపు పట్టింది. పసుపు మెల్లగా పాకి గుడారాల మధ్యకు వచ్చింది. ఒడ్డున కూర్చున్న సైనికుడొకడు లేచి చెయ్యి ఊపాడు. ఇరవై మంది ఈటెలు పట్టుకుని నడవసాగారు. తూర్పు వాకిలి వైపు.

"ఒకసారి వాగు చూడు" అంది చెంగలి.

"నువ్వు చూపించేది నేను చూడను."

"చూడకపోతే పోయేది నేనొక్కదాన్నే కాదు."

సింగన చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత మెట్లు దిగడం కూడా మరిచిపోయి అక్కడి నుంచే నాయకుణ్ణి పిలిచాడు.

"గోడ మీదికి రప్పించి దండు చేత బాణం వేయిస్తుందేమో, పోవద్దు" అన్నారు కొందరు. నాయకుడు ఒక్క క్షణం తటపటాయించి, పైకి వచ్చాడు.

"మామా, అవ్వను ఎర్రబట్ట జాడించమను" అంది చెంగలి.

అవ్వ జాడించింది. రంగునీళ్ళు కాలవలో పోయాయి, గోడ కింది తూములో దూరాయి, కొండ దిగి వాగులో కలిశాయి. వాగు ఎర్రబడింది. తూర్పుకు పోయిన ఇరవై మందీ ఆగి, తలలు గోక్కుని, దక్షిణానికి మళ్ళారు.

"ఇప్పుడు నీలం."

వాగు నీలమైంది. ఇరవై మందీ ఉత్తరానికి పరుగెత్తారు. ఒకడి చెప్పు ఊడిపోతే అది వదిలేసి మరీ పోయాడు.

నాయకుడు గోడ మీద చతికిలబడ్డాడు. మనుషులందరి నోళ్ళూ కట్టాడు. గంగులు తుడుము కట్టాడు, పావురాల రెక్కలు కట్టాడు. నీళ్ళను కట్టాలని మాత్రం తోచలేదు.

సింగన కేక వేసి చెప్పిన సంగతి విని, కింద ఓబుళవ్వ తన చేతులు చూసుకుంటూ ఉండిపోయింది. పసుపూ ఎరుపూ నీలమూ కలిసి అవి మట్టిరంగులో ఉన్నాయి. "అయితే నేనా?" అంది. "నా బిడ్డల్ని నేనే పట్టిచ్చినానా?"

చెంగలి మెట్లు దిగి వచ్చి ఆ చేతులు పట్టుకుంది. "నువ్వు క్షేమం కోరి జాడించినావు అవ్వా. నీళ్ళకు చాటుమాటు తెలియదు. అంతే."

అప్పుడు సింగన ముందుకు వచ్చాడు. "కబురు నేను తీసుకుపోతాను. తెల్ల తలపాగాతో పోతాను."

అవ్వ వద్దని తల ఊపింది. ఆ కోట పుట్టిన దగ్గర్నుంచి తెల్ల తలపాగా గడప దాటలేదు.

చెంగలి ఒక తెల్లబట్ట తెచ్చి, తనే అతని తలకు చుట్టింది.

"నీ తలకు రంగు లేదని అనుకోవద్దు. నువ్వు కొండ దిగేదాకా వాగు మొత్తం నీ కోసం నీలంగా పారుతుంది."

ఆమె నీలం తొట్టి దగ్గర కూర్చుంది. జాడిస్తూనే ఉంది. దండంతా ఉత్తరం వాకిలి ముందు గుమిగూడింది. సింగన తూర్పు వాకిలి నుంచి మెల్లగా దిగి పోయాడు. ఎవరూ "పోయి రా" అని పైకి అనలేదు. అందరి పెదవులూ కదిలాయి.

మర్నాడు పసుపు వదిలారు, ఆ మర్నాడు ఎరుపు. ఒక్కరూ బయటికి రాలేదు. ఇప్పుడు తికమక దండులోకి పోయింది. "మనలో ఎవడో కొండవాళ్ళకు అమ్ముడుపోయాడు" అన్నాడు దిగువసీమ రాజు. వాగు కాపలా కాసినవాణ్ణి కట్టేశాడు. వాణ్ణి పెట్టిన దళపతిని కట్టేశాడు. మిగిలినవాళ్ళు ఒకరి గుడారం వైపు ఒకరు వీపు తిప్పి పడుకున్నారు.

నాలుగో రోజు ఎగువదుర్గం నుంచి రెండు వందల మంది వచ్చారు. అందరికన్నా ముందు దుమ్ము కొట్టుకున్న ఒక తెల్ల తలపాగా. వీపులు తిప్పుకున్న దండు ఎంతసేపు నిలబడుతుంది? మధ్యాహ్నానికే గుడారాలు విప్పుకుని పోయింది. పట్టుకున్న ముగ్గురినీ వదిలేసి మరీ పోయింది.

గంగులుకు తుడుము తిరిగి ఇచ్చారు. ఆ సాయంత్రం ఎన్ని దెబ్బలు కొట్టాడో ఎవరూ అడగలేదు. పుల్లప్ప గూడు తెరిస్తే ఆరు పావురాలతో పాటు రెండు పిల్లలు కూడా కనిపించాయి. తూమును మళ్ళించి, రంగునీళ్ళు కోటలోని బంతితోటకే పారేట్టు చేశారు. నాయకుడు చెంగలి ముందు తలపాగా తీసి నిలబడ్డాడు. ఆయన ఏమన్నాడో నేను వినలేదు, చాలా మెల్లగా అన్నాడు.

సింగన గోడ దగ్గర చెంగలిని కలిశాడు.

"ఆ రోజు నిన్నొక మాట అడిగినాను."

"అడిగినావు."

"దాన్ని వెనక్కి తీసుకోలేను. ఇప్పుడేం అడగాల?"

చెంగలి వాగు వైపు చూసింది. అది మళ్ళీ వెండిలా ఉంది.

"ఆకలేస్తోందా అని అడుగు. ఈ నాలుగు రోజుల్లో అదొక్కటీ ఎవరూ అడగలేదు."

అతను అడిగాడు. ఆమె అవునంది. ఇద్దరూ ఒకే ముంతలో కొర్రగంజి తాగారు. వాగు అవతల వాళ్ళమ్మ పొయ్యి పొగ సన్నగా లేచింది. ఈసారి ఆ పొగను ఇద్దరూ కలిసి చూశారు.

అందుకే పిల్లలూ, ద్రోహి ఎవరని పక్కవాళ్ళ గుండెలు తవ్వేముందు, మన వాకిట్లో నుంచి మన చేతులతోనే ఏం బయటికి పారనిస్తున్నామో ఒకసారి గోడెక్కి చూసుకోవాలి.