గవరయ్య గూడుబండి

గూడుబండిలో భార్యతో ఊళ్లు చూడబోతున్న గవరయ్యను కోట వాకిట పూచీల అధికారి ఆపాడు. పూచీ ఆకు, అంటే బండికి నష్టమొస్తే భరిస్తామని రాసిచ్చే తాటాకు, లేనిదే బండి దాటకూడదట. ఆకులు మూడు రకాలు. పొద్దుట్నుంచీ అవి చదివించుకుని గవరయ్య నీరసించిపోయాడు.

చివరికి అధికారే తేల్చాడు: "ఏ ఆకైనా ఒకటే. నడిచేటప్పుడు బండి విరిగితే తప్పు నీది, ఆగి ఉన్నప్పుడు విరిగితే ఎద్దులది. మిగతా వేళల్లో పూచీ మాది."

గవరయ్య ఆకు వెల కింద బియ్యం బస్తా దింపి, ఒక ఆకు తీసుకున్నాడు. అంతలో జోరున వాన. తన ఇంటి దగ్గర దింపమంటూ అధికారి బండి దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"దానికేం బాబూ," అన్నాడు గవరయ్య ఆవలిస్తూ. "నడిచేటప్పుడు ఎక్కకండి, ఆగి ఉన్నప్పుడు ఎక్కకండి. మిగతా వేళల్లో ఎప్పుడైనా ఎక్కండి."

అధికారి తడుస్తూనే గంటం తీసి, ఆ మాటలే కొత్త ఆకు మీద రాసుకోవడం మొదలుపెట్టాడు.