కొండెక్కిన రాజుగారి మీసం

అబద్ధమనేవాళ్లెవరో లేచి నిలబడండి! పెంచలమ్మ కాకి బొమ్మ గీస్తే నిజం కాకులు పక్కకు జరిగి చోటిచ్చేవి. అలాంటి మనిషి రాజుగారి యుద్ధజెండా మీద ఒక్క నల్లటి గద్దముక్కు గీసి ఊరుకుంది.

"ఇంతేనా? నా ముఖమేదే? మీసంతో సహా గీస్తావా, బొటనవేలు తీయించనా?" అని రాజు గర్జించాడు.

"ముఖం దూరానికి కంటికి ఆనదు ప్రభూ, నల్లటి గద్దముక్కు ఆనుతుంది! కాదంటే జెండా ఎగరాల్సిన ఆ కొండ మీద మీరే నిలబడండి. కోట కావలివాళ్లు గుర్తుపడితే వేలు నేనే కోసిస్తా."

రాజు మీసం దువ్వుకుంటూ కొండెక్కాడు. కోట మీంచి "శత్రువొచ్చాడ్రోయ్!" అని కేక, వెనకే బాణం. కిరీటం ఎగిరి మూడూళ్ల అవతల పడింది.

రాజు తల తడుముకుంటూ దిగొచ్చాడు.

"మీ అసలు ముఖాన్నే పోల్చుకోలేనివాళ్లు బొమ్మను పోల్చుకుంటారా ప్రభూ?" అంది పెంచలమ్మ.

జెండా మీద గద్దముక్కే ఎగిరింది. అనుమానముంటే బాణమేసిన కావలివాడు ఓబులేసునే అడగండి!