మాచన అడిగిన పేడ

ఉప్పు పండని రాజ్యం ఒకటి ఉండేదట. సముద్రం ఎక్కడో కొండలకు అవతల. అక్కడినుంచి ఉప్పు మోసుకొచ్చేది ఎల్లమంద అనేవాడి బిడారు. ఎద్దుల వీపుల మీద మూటలు వేసుకుని, రాత్రయితే దారి పక్క పచ్చిక బీళ్ళలో విడిది చేస్తూ వచ్చేవాళ్ళు.

ఆ రాజ్యాన్ని ఏలే కుంజరవర్మ ఒకసారి ఆ బీళ్ళు చూశాడు.

"ఇంత నేల ఊరికే పడి ఉందే!" అని అంతా దున్నించి జొన్న వేయించాడు. మొదటి ఏడు పంట విరగపండింది. తన తెలివికి తనే మురిసిపోయాడు.

ఎద్దులకు మాత్రం మేత కరువైంది. డొక్కలు ఎండిపోయాయి. కొన్ని కొండ కనుమలోనే కూలిపోయాయి. ఉప్పు ఆలస్యమైంది.

రాజు ఎల్లమందను కొలువుకు పిలిపించాడు.

"ఈసారి ఉప్పు వేళకు రాకపోతే నీ మందంతా మాది."

"మేత లేంది ఎట్టా నడుస్తయి దొరా?"

"నడిపించడం నీ పని. సాకులు చెప్పకు."

ఆ మంద పోతే ఎల్లమంద వాళ్ళకెవరికీ కూడు లేదు.

కొలువులో మాచన అని ఒకడుండేవాడు. నోరు తెరిస్తే నవ్వించేవాడు. ఆ రోజు నవ్వించకుండా లేచి నిలబడ్డాడు.

"ప్రభూ, నాకొక దానం కావాలి. ఈ ఎద్దులు దారిలో వేసే పేడంతా నాకు ఇప్పించండి. ఇంకెవరూ ముట్టకూడదు."

సభంతా గొల్లుమంది.

"మణులు అడిగినవాళ్ళున్నారు, మాన్యాలు అడిగినవాళ్ళున్నారు. పేడ అడిగినవాడివి నువ్వే. తీసుకో. మేము కూడా ముట్టం పో" అన్నాడు రాజు.

మాచన ఆ దారికి కాస్త ఎడంగా ఉన్న ఊళ్ళన్నీ తిరిగాడు.

"కోతలైన మీ చేలల్లో రాత్రిళ్ళు ఈ ఎద్దులను కట్టించుకోండి. పేడ మీకే వదిలేస్తాను. వాటికింత చొప్ప వేసి నీళ్ళు పెట్టండి, చాలు."

"చేలో మంద కట్టిస్తానంటే వద్దనేవాడెవడయ్యా?" అన్నారు రైతులు.

ఎద్దులు తేరుకున్నాయి. ఉప్పు వేళకు వచ్చింది. మందను పట్టుకోవడానికి రాజుకు వంక దొరకలేదు.

మరుసటి ఏడు రాజుగారి జొన్న మోకాలెత్తులోనే పసుపుబారింది. పొలాలు చూసే అధికారి చేతులు నలుపుకుంటూ వచ్చాడు.

"తాతల నాటినుంచి మంద పడుకున్న నేల ప్రభూ. ఆ బలమంతా మొదటి పంటే లాగేసింది. మళ్ళీ ఆ బిడారు మందను కట్టిస్తేగాని లాభం లేదు, అంత నేలకు మన ఎద్దులు చాలవు."

"అయితే కట్టించండి."

మాచన ముందుకు వచ్చాడు. "మన్నించాలి ప్రభూ. ఆ పేడ నాది. తామూ ముట్టమని మాట ఇచ్చారు."

రాజు ముఖం ఎర్రబడింది. "సరే, ఏం కావాలో చెప్పు."

"నాకేం వద్దు ప్రభూ. ఎద్దు పడుకున్న చోట పేడ పడుతుంది. గడ్డి ఉన్న చోట ఎద్దు పడుకుంటుంది. సగం నేల గడ్డికి వదలండి, పేడ తమకే వదిలేస్తాను. ఏడాదికోసారి గడ్డీ పంటా చోటు మార్చుకుంటాయి."

రాజు మాచన వంక చూసి పగలబడి నవ్వాడు.

"పేడ దానమిచ్చి పొలం పోగొట్టుకున్న రాజును నేనేనేమో" అంటూ తన భుజం మీది శాలువా తీసి మాచనకు కప్పాడు. ఆ నవ్వుతోనే, ఉప్పు దింపి కొలువుకు వచ్చి నిలబడ్డ ఎల్లమంద వైపు తిరిగాడు.

"నీ ఎద్దులు ఎన్ని పోయాయి? అన్ని మా మందలోనుంచి తోలుకుపో."

ఎల్లమంద లెక్క చెప్పలేదు. "బూడిదోడు, సీకటోడు, మైలపుల్లడు..." అంటూ కూలిపోయిన ఒక్కొక్క ఎద్దు పేరే చెప్పుకుంటూ పోయాడు.

రాజు నవ్వు ఆగిపోయింది. ఆఖరి పేరు దాకా నిలబడే విన్నాడు.